పళ్లు రాల్చేది ఉమర్ కాదు, గరీబీ

మన ఇళ్లలో ఒక మాట చాలా తేలిగ్గా దొర్లిపోతుంటుంది. "ఉమర్ హో గయీ, దాంత్ గయే." వయసైపోయింది, పళ్లు పోయాయి, అంతే. అమ్మీ పన్ను ఊడినా అదే మాట, అబ్బా దవడ ఖాళీ అయినా అదే మాట. జుట్టు నెరిసినట్టు, చత్వారం వచ్చినట్టు పళ్లు రాలడం కూడా ఖుదరత్ ఖానూన్ అని నమ్మేశాం. నమ్మి, సబర్ చేసుకుని, రొట్టెను చాయ్‌లో నానబెట్టి వాళ్ల ముందు పెడుతున్నాం.

ఈ మాట ఝూట్. ఇరవై ఏళ్లుగా విలేకరిగా తిరుగుతున్నాను కాబట్టి గట్టిగానే అంటున్నాను. ఏ బస్తీలోనైనా రేషన్ దుకాణం ముందు నిలబడ్డ బుజుర్గుల ముఖాలు చూడండి. లోపలికి పోయిన బుగ్గలు, ముడుచుకుపోయిన పెదాలు, మాట్లాడేటప్పుడు అడ్డం పెట్టుకున్న దుపట్టా. అదే వారం ఏదైనా ఫంక్షన్ హాల్లో వలీమా దావత్‌కు వెళ్లి పెద్దవాళ్ల టేబుల్ చూడండి. డెబ్బై ఐదేళ్ల సేఠ్ సాబ్ బోటీ హాయిగా నములుతుంటాడు, నల్లీ పట్టుకుని మూలుగ పీలుస్తుంటాడు. ఇద్దరి ఉమర్ ఒకటే. ఉమరే కారణమైతే ఇద్దరికీ పోవాలి కదా? ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోవడం ఏమిటి?

హిసాబ్ కావాలంటే ఇంగ్లండ్ వాళ్లది చూడండి. 1968లో ఇంగ్లండ్, వేల్స్‌లలో సర్వే చేస్తే పెద్దవాళ్లలో 37 శాతం మందికి నోట్లో ఒక్క సొంత పన్ను కూడా లేదు. 2009 సర్వేకు వచ్చేసరికి అది 6 శాతానికి పడిపోయింది. ఈ నలభై ఏళ్లలో ఇంగ్లండ్‌లో ముసలివాళ్లు తగ్గారా? పెరిగారు. మనుషుల దవడలు మారాయా? మారలేదు. మారినవి ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్, పళ్ల డాక్టర్ అందుబాటు, చేతిలో పైసలు. జపాన్ వాళ్లు 1989లో ఒక ముహిమ్ మొదలుపెట్టారు. పేరు 8020. అంటే 80 ఏళ్లకు నోట్లో 20 సొంత పళ్లు ఉండాలని. అప్పుడు అంతమంది పళ్లతో ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. 2016 సర్వేలో 80 ఏళ్లవాళ్లలో సగానికి పైగా ఆ లెక్కకు చేరుకున్నారు. ఖుదరత్ ఖానూన్ అయితే జపాన్‌లో ఎలా మారింది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లోకంలో 60 దాటినవాళ్లలో 23 శాతం మందికి పళ్లన్నీ పోయాయి. ఆ 23 మంది ఎవరు అన్నదే అసలు సవాల్. జవాబ్ మనకు తెలుసు. మన మొహల్లాలోనే ఉన్నారు.

గరీబ్ పన్ను ఎలా పోతుందో దశలవారీగా చెప్తాను. ఇందులో ఎక్కడ ఉమర్ ఉందో మీరే వెతకండి.

ముందు చిన్న నల్లమచ్చ. ఆ రోజు దాన్ని శుభ్రం చేసి సిమెంట్ పెట్టిస్తే కొన్ని వందలతో పోతుంది. కానీ నొప్పి లేనప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లే ఆదత్ కూలీ ఇంట్లో ఉండదు. ఒక పూట వెళ్తే ఒక పూట మజూరీ పోతుంది. కొన్నాళ్లకు నొప్పి మొదలవుతుంది. లవంగం పెడతారు. మెడికల్ షాపులో నొప్పి గోలీ కొంటారు. ఇంకా ఆగకపోతే చిటికెడు తంబాకు బుగ్గన పెడతారు. బీడీలు చుట్టే ఖాలాలను అడగండి, నిజామాబాద్ వైపైనా జగిత్యాల వైపైనా. ఒళ్లో చాట, చాటలో తంబాకు పొడి, బుగ్గన జర్దా. అది నొప్పినీ చంపుతుంది, ఆకలినీ చంపుతుంది, దాంతో పాటు చిగుళ్లనూ చంపుతుంది. గుట్కా, ఖైనీ తినేవాళ్ల సంగతి వేరే చెప్పాలా.

రాత్రి నిద్ర పట్టనంత నొప్పి వచ్చాక డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఆయన రెండు దారులు చూపిస్తాడు. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయించుకుంటే పన్ను ఉంటుంది, వేలల్లో ఖర్చు, నాలుగుసార్లు రావాలి. పీకించుకుంటే కొన్ని వందలు, ఈరోజే అయిపోతుంది. గరీబ్ ఏది ఎంచుకుంటాడు? డాక్టర్ సాబ్ తప్పు లేదు, పేషెంట్ జాహిల్ కూడా కాదు. తన జేబులో ఉన్నంతలో అక్లమంద్ పనే చేశాడు. కానీ ఇలాంటి అక్లమంద్ ఫైసలాలు ఇరవై ముప్పై ఏళ్లపాటు ఒక్కొక్కటే చేసుకుంటూ పోతే అరవై ఏళ్లకు నోరు ఖాళీ. అప్పుడు మనం వచ్చి "ఉమర్ హో గయీ" అంటాం.

షుగర్ బీమారీ దీనికి తోడు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల వ్యాధి ముదురుతుంది. చిగుళ్లలో వాపు, చీము ఉంటే షుగర్ అదుపులోకి రాదు. ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి. షుగర్ గోలీలు రాసిచ్చే డాక్టర్ "నోరు తెరవండి" అని అడగడం మీరు ఎప్పుడైనా చూశారా?

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. నల్గొండలో మర్రిగూడ చుట్టుపక్కల పుట్టినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు ఎందుకుంటాయో అందరికీ తెలుసు. ఫ్లోరైడ్ కొద్దిగా ఉంటే పంటికి బలం, మోతాదు మించితే పంటికి, ఎముకకు జహర్. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఉందని 1937లోనే వైద్య పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత పుట్టినవాళ్లు ముసలివాళ్లై పోయారు కూడా. బోరు నీళ్లు తప్ప గతిలేని ఊళ్లలోనే ఈ పళ్లు కనిపిస్తాయి. డబ్బున్నవాడు శుద్ధిచేసిన నీళ్లు కొనుక్కుంటాడు.

సరే, పళ్లు పోయాయి. తర్వాత ఏమవుతుంది?

ముందు తిండి మారుతుంది. జొన్నరొట్టె పోతుంది. బోటీ పోతుంది. జామకాయ, శనగలు, పచ్చి కూరగాయలు పోతాయి. మిగిలేవి చాయ్‌లో ముంచిన బిస్కట్, పాలలో బన్ను, మెత్తటి అన్నం, ఖిచిడీ. అంటే ఏ మనిషికైతే కండ కరగకుండా ప్రొటీన్ కావాలో ఆ మనిషికి పిండి, చక్కెర మాత్రమే దొరుకుతున్నాయి. షుగర్ ఉన్న అమ్మీకి మనమే రోజుకు మూడుసార్లు చాయ్-బిస్కట్ పెడుతున్నాం, వేరేది నమలలేదు కాబట్టి. తర్వాత "అమ్మీ చాలా కమ్జోర్ అయిపోయింది" అని గ్లూకోజ్ ఎక్కించడానికి తీసుకెళ్తాం.

తర్వాత జుబాన్ పోతుంది. మదర్సాలో మనకు మఖారిజ్ నేర్పిన రోజులు గుర్తు చేసుకోండి. సా, జాల్, జా పలకాలంటే నాలుక కొన పైపళ్ల అంచుకు తగలాలి. ఫా పలకాలంటే పైపళ్లు కింది పెదానికి ఆనాలి. ఆ పళ్లే లేకపోతే? జీవితమంతా తజ్వీద్‌తో తిలావత్ చేసిన మనిషి ఇప్పుడు గొంతు తగ్గించి చదువుతున్నాడు, పక్కవాడు వింటాడేమోనని. అల్లాహ్ మాజూర్ల తిలావత్‌ను ఖబూల్ చేస్తాడు, సందేహం లేదు. ఆ మనిషిని మాజూర్ చేసింది ఎవరన్నది నా సవాల్.

చివరికి ఇజ్జత్. పళ్లు లేని మూతికి మనవాళ్లు "పోప్లీ" అని పేరు పెడతారు. పిల్లలు ఆ మాట అని నవ్వుతారు, మనమూ నవ్వుతాం. దాదీ కూడా నవ్వుతుంది, కానీ మూతి కప్పుకుని. దావత్‌కు రమ్మంటే మోకాళ్ల నొప్పి అంటుంది. మోకాలికేం కాలేదు. నలుగురి ముందు అరగంటసేపు ఒక్క ముద్దను నోట్లో తిప్పుతూ కూర్చోవడానికి ఆమెకు షరమ్. ఇంట్లో వరస కూడా చూశాను. పళ్ల సెట్టు కట్టించాలంటే ముందు అబ్బాకు. ఆయన బయటికి వెళ్తాడు, నలుగురితో మాట్లాడాలి. అమ్మీ ఇంట్లోనే ఉంటుంది కదా, ఆమెకేం జరూరత్? గరీబీ లోపల ఇంకో గరీబీ ఇది. దీనికి సర్కార్ బాధ్యత కాదు, మనదే.

ఇక సర్కార్ దగ్గరికి వద్దాం.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. ఎందరో గరీబుల గుండెలు, కిడ్నీలు కాపాడింది, షుక్రియా చెప్పుకోవాలి. ఆయుష్మాన్ భారత్ 2018లో వచ్చింది. 2024 అక్టోబర్ నుంచి 70 దాటిన ప్రతి ఒక్కరికీ, ఆమ్దనీతో సంబంధం లేకుండా, వర్తింపజేశారు. బాగుంది. కానీ ఈ పథకాలు పుట్టిందే ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద ఇలాజ్ కోసం. పంటి పనేమో దాదాపు అంతా కుర్చీలో కూర్చుని చేయించుకుని ఇంటికొచ్చేదే. అందుకే దవడ విరిగితే కార్డు పనిచేస్తుంది. నోటి కేన్సర్ వస్తే ఆపరేషన్‌కు, రేడియేషన్‌కు పనిచేస్తుంది. పుచ్చిన పన్ను నింపించుకోవాలన్నా, పోయిన పళ్ల స్థానంలో సెట్టు కట్టించుకోవాలన్నా పనిచేయదు. లక్షల బీమారీ వచ్చేదాకా ఆగు, అప్పుడు చూస్తాం అన్నట్టుంది.

సర్కార్‌కు పళ్ల విలువ తెలియక ఇలా చేస్తుందా? బాగా తెలుసు. కేంద్ర సర్కార్ తన నౌకర్లకు, పెన్షనర్లకు నడిపే సీజీహెచ్ఎస్‌లో కట్టుడు పళ్లకు రేటు రాసిపెట్టి ఉంది. అంటే ఆఫీసర్ సాబ్ నోట్లో పళ్ల సెట్టు ఇలాజ్ అవుతుంది, బీడీలు చుట్టిన ఖాలా నోట్లో అదే సెట్టు షోకు అవుతుంది. ఒకే దేశం, ఒకే ఖజానా, రెండు నోళ్లకు రెండు ఖానూన్లు. దీన్ని నాఇన్సాఫీ అనకపోతే ఇంకేమనాలి?

ఇంకో తమాషా చూడండి. 2017 జులైలో జీఎస్టీ వచ్చిన రోజు నుంచి 2025 సెప్టెంబర్ దాకా టూత్‌పేస్ట్ మీద 18 శాతం పన్ను వేశారు. పళ్లు కాపాడుకునే సామాన్ మీద ఎనిమిదేళ్లు పన్ను గుంజారు, పోయిన పళ్లకు పైసా ఇవ్వరు.

"లేదు భాయ్, పథకం ఉంది" అని కొందరు అంటారు. నిజమే, ఉంది. రాష్ట్రీయ వయోశ్రీ యోజన. 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న బుజుర్గులకు చేతికర్ర, వాకర్, వీల్ చైర్, వినికిడి మిషన్, కళ్లద్దాలు ముఫ్త్‌గా ఇవ్వాలి. ఆ లిస్టులోనే కట్టుడు పళ్లూ ఉన్నాయి. కాగితం మీద ఇన్సాఫ్ జరిగిపోయింది. మరి మీ మొహల్లాలో ఆ పథకం కింద పళ్ల సెట్టు పెట్టుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి చెప్పండి. నాకు చేతికర్రలు కనిపించాయి, వీల్ చైర్లు కనిపించాయి. పళ్లు కనిపించలేదు.

ఎందుకంటే పళ్ల సెట్టు చేతికర్ర లాంటి సామాన్ కాదు. కర్రను క్యాంపులో వరసగా నిలబెట్టి పంచొచ్చు, ఫోటో తీసుకోవచ్చు. పళ్ల సెట్టుకు ముందు దవడ కొలత తీయాలి. దాంతో అచ్చు పోసి మళ్లీ సరిగ్గా కొలత తీయాలి. మైనం దిమ్మె పెట్టి పై దవడ, కింది దవడ ఎంత ఎత్తులో కలుస్తాయో చూడాలి. మైనంలో పళ్లు గుచ్చి నోట్లో పెట్టి చూడాలి. ఆ తర్వాతే అసలు సెట్టు తయారవుతుంది. పెట్టాక చిగురు ఎక్కడ ఒరుసుకుంటుందో చూసి అరగదీయాలి. తక్కువలో తక్కువ నాలుగైదు సార్లు రావాలి. పైగా పళ్లు పోయిన దవడ ఎముక ఏటేటా అరుగుతూ ఉంటుంది కాబట్టి కొన్నేళ్లకు సెట్టు వదులవుతుంది, మళ్లీ సరిచేయాలి. ఒక్కరోజు క్యాంపుతో తేలే పని కాదిది. ఈ సంగతి పథకం రాసినవాళ్లకు తెలియదనుకోవాలా?

మరి ఎక్కడికి వెళ్లాలి? సర్కారీ డెంటల్ కాలేజీలు ఉన్నాయి, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో. అక్కడి పిల్ల డాక్టర్లు మంచిగా చేస్తారు, ఖర్చూ తక్కువ. కానీ ఆదోని నుంచి ఒక నానీ కడపకు నాలుగైదు సార్లు వెళ్లి రావాలంటే? ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకు బస్సు ముఫ్త్, ఆ మేరకు మేలే. కానీ తోడుగా వెళ్లే కొడుకుకు టికెట్ ఉంది, పోయిన మజూరీ ఉంది, మధ్యాహ్నం తిండి ఉంది. మూడోసారికి కొడుకు చేతులెత్తేస్తాడు. సగంలో ఆగిన పళ్ల అచ్చు ఆ కాలేజీ అరలోనే ఉండిపోతుంది. దేశంలో మూడు వందలకు పైగా డెంటల్ కాలేజీలున్నాయి, ఎక్కువ భాగం ప్రైవేటువే. ఏటా వేలమంది డాక్టర్లు బయటికొస్తున్నారు. వాళ్లలో ఎందరో నగరాల్లో చిన్న జీతాలకు పనిచేస్తున్నారు. మండల దవాఖానాలోనేమో పంటి కుర్చీ లేదు, ఉన్నచోట డాక్టర్ లేడు, డాక్టర్ ఉన్నచోట పీకడం తప్ప ఇంకో పనికి సామాన్ లేదు. డాక్టర్ ఖాళీగా ఉన్నాడు, పేషెంట్ నొప్పితో ఉన్నాడు, ఇద్దరినీ కలపడమే సర్కార్ చేయాల్సిన పని.

"గుండె, కిడ్నీ, కేన్సర్‌కే బజట్ చాలడం లేదు, పళ్లకెక్కడిది" అనేవాళ్లున్నారు. వాళ్ల కోసం ఒక వాఖియా. బ్రిటన్‌లో 1948లో అందరికీ ముఫ్త్ వైద్యం తెచ్చిన మంత్రి అన్యూరిన్ బెవాన్. వేల్స్‌లో బొగ్గుగని ఇంట్లో పుట్టి, తనూ చిన్నప్పుడే గనిలో దిగినవాడు. ఆ దేశంలో అప్పటి గరీబీ ఎలా ఉండేదంటే, ముందుముందు పళ్ల ఖర్చు మొగుడి మీద పడకూడదని పెళ్లికి ముందే ఆడపిల్లల పళ్లన్నీ పీకించి సెట్టు కట్టించి పంపేవాళ్లు. సర్వీసు మొదలవగానే కట్టుడు పళ్ల కోసం జనం ఎగబడ్డారు. 1951లో కొరియా యుద్ధం, ఆయుధాల ఖర్చు అని చెప్పి, కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు సగం ఖర్చు పేషెంట్లే పెట్టుకోవాలని సర్కార్ అంది. బెవాన్ మంత్రి పదవికి ఇస్తీఫా ఇచ్చి బయటికి నడిచాడు. పళ్ల సెట్టు కోసం కుర్సీ వదిలిన మంత్రి! ఈరోజు మన దగ్గర పళ్ల సెట్టు గురించి అసెంబ్లీలో ఒక్క సవాల్ వేసే ఎమ్మెల్యే దొరికినా నేను మిఠాయి పంచుతాను.

అది అమీర్ దేశం అంటారా? బ్రెజిల్ చూడండి. అక్కడ 2004లో లూలా సర్కార్ 'నవ్వే బ్రెజిల్' అనే అర్థం వచ్చే పేరుతో పథకం తెచ్చింది. ఊళ్లలో పంటి డాక్టర్లను పెట్టి, కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులకు సర్కారే పైసలిచ్చింది. కెనడా కూడా 2023 డిసెంబర్‌లో తన పంటి వైద్య పథకానికి పేర్లు రాసుకోవడం బుజుర్గులతోనే మొదలుపెట్టింది. నియ్యత్ ఉంటే బజట్ దొరుకుతుంది.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. మన షరీఅత్‌లో పంటి విలువ ఎంతో తెలుసా? ఒకడు ఇంకొకడి పన్ను విరగ్గొడితే దియత్ ఐదు ఒంటెలు అని ఫుఖహా లెక్క కట్టారు. మనిషి మొత్తం ప్రాణానికి వంద ఒంటెలైతే, ఒక్క పంటికి ఐదు. యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న అర్ఫజా అనే సహాబీ వెండి ముక్కు పెట్టించుకుంటే అది వాసన వచ్చింది. మగవాళ్లకు బంగారం హరామ్ అయి ఉండి కూడా, ఆయనకు బంగారు ముక్కు పెట్టుకునే ఇజాజత్ హుజూర్ ఇచ్చారు. బంగారంతో పళ్లు కట్టించుకోవడం గురించి ఉలమా ఈ వాఖియా ఆధారంగానే మాట్లాడారు. పోయిన అవయవాన్ని తిరిగి నిలబెట్టడం ఫ్యాషన్ కాదని పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే తేలిపోయింది. మనం మాత్రం "ఈ వయసులో పళ్లెందుకు అమ్మీ" అంటున్నాం.

రమజాన్‌లో మన జమాత్‌లు జకాత్ వసూలు చేస్తాయి. రేషన్ కిట్లు, చీరలు, పెళ్లి ఖర్చులు, అన్నీ మంచివే. ఆ లిస్టులో పళ్ల సెట్టు ఎందుకు లేదు? తమ్లీక్ షర్త్ అంటారా, పళ్ల సెట్టు కన్నా సొంతమయ్యే వస్తువు ఇంకేముంది? సాక్షాత్తూ నోట్లో ఉండేది! ఇఫ్తార్‌కు ఖజూర్ పంచుతాం, దాన్ని నమలలేని నానీ గురించి ఆలోచించం. ఈసారి ప్రతి జమాత్ పదిమంది ముస్తహిఖ్ బుజుర్గులకు సెట్టు కట్టిస్తే చాలు, ముందు నానీలకు. అయితే ఒక మాట స్పష్టంగా ఉండాలి. జకాత్ మన ఫర్జ్, అది సర్కార్ బాధ్యతకు బదల్ కాదు. మనం ఇచ్చేది సహారా. సర్కార్ ఇవ్వాల్సింది హఖ్. ఇది ఒక్క ముసల్మాన్ల సంగతి కూడా కాదు. మాల, మాదిగ వాడల్లో, తండాల్లో, గొల్లపల్లెల్లో బుజుర్గుల నోళ్లు ఇలాగే ఉన్నాయి. అడిగితే అందరం కలిసి అడగాలి.

అడగాల్సినవి నాలుగే. ఒకటి, ఆరోగ్యశ్రీలో అరవై దాటిన గరీబులకు పన్ను నింపడం, రూట్ కెనాల్, కట్టుడు పళ్లు చేర్చాలి. రెండు, ప్రతి ఏరియా ఆసుపత్రిలో పంటి డాక్టర్‌తో పాటు పళ్ల సెట్టు తయారుచేసే ల్యాబు పెట్టాలి. మూడు, వయోశ్రీ కట్టుడు పళ్లను క్యాంపుల నుంచి తీసి దగ్గరి డెంటల్ కాలేజీకి అప్పగించాలి, తోడు వచ్చేవాళ్ల చార్జీలతో సహా. నాలుగు, షుగర్, బీపీ చూసే ప్రతి చోటా బుజుర్గుల నోరు కూడా చూడాలి.

సర్కార్ వినేదాకా ఇంట్లో మనం చేయగలిగింది ఒకటుంది. ఈ ఇతవార్ అమ్మీ పక్కన, అబ్బా పక్కన, ఖాలా పక్కన కూర్చోండి. ఫోన్ టార్చ్ వేసి, అదబ్‌గా నోరు తెరవమనండి. రెండు వారాలకు పైగా మానని పుండు గానీ, తెల్లమచ్చ గానీ, ఎర్రమచ్చ గానీ కనిపిస్తే మర్నాడే దవాఖానాకు తీసుకెళ్లండి. పళ్లు లేనంత మాత్రాన నోటికి కేన్సర్ రాకుండా పోదు. సెట్టు ఉంటే రాత్రి తీసి, బ్రష్‌తో కడిగి, నీళ్లలో వేయండి. మిగిలిన ఆ నాలుగు పళ్లనైనా ఎలా కాపాడాలో డాక్టర్‌ను అడగండి. ఆ తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని మీ గలీలో అరవై దాటినవాళ్లలో ఎందరికి పళ్లు లేవో, ఎందరు వయోశ్రీకి అర్హులో రాయండి. ఆ కాగితం పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను.